బీరువా ఆ గోడకు పడుతుందా? వెబ్ నైపుణ్యంతోనే ఏఆర్ యాప్

ఫర్నిచర్ అమ్మే వెబ్‌సైట్‌కు కొనేవాళ్ల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఇది మా గదిలో పడుతుందా?" ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు అని ఫొటో పక్కనే రాసి ఉన్నా, తలుపుకీ కిటికీకీ మధ్య ఉన్న గోడకు ఆనించి స్టీలు బీరువా పెడితే ఎలా ఉంటుందో అంకెలు చెప్పవు. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, మంచానికీ దానికీ మధ్య మనిషి నడిచే దారి మిగులుతుందా అన్నవి కంటితో చూస్తేగాని తేలవు. ఫోన్ కెమెరాలో ఆ గదినే చూపిస్తూ, అసలు కొలతతో బీరువాను అక్కడ నిలబెట్టి చూపించడమే ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఏఆర్, చేసే పని.

దీనికి యూనిటీ అనే గేమ్ ఇంజన్ నేర్చుకోవాలి, ఆండ్రాయిడ్‌కు కోట్లిన్, ఐఫోన్‌కు స్విఫ్ట్ రాయాలి అనుకుని చాలామంది వెబ్ డెవలపర్లు దీని జోలికి పోరు. కానీ ఈ బీరువా పని హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ తెలిసినవాళ్లు చేయగలిగిందే. కోడ్‌లో పెద్ద కష్టం లేదు. కష్టం రెండు చోట్ల ఉంది. పిక్సెళ్లలో ఆలోచించే అలవాటు వదిలి మీటర్లలో ఆలోచించాలి. ఏ ఫోన్‌లో ఏ బ్రౌజర్ ఎక్కడ ఆగిపోతుందో మొదలుపెట్టక ముందే తెలిసి ఉండాలి. ఈ రెండూ తెలియకుండా కోడ్ మొదలుపెట్టినవాళ్లే మధ్యలో చిక్కుకుపోతారు.

కెమెరా వెనక జరిగే లెక్క

ఫోన్ తాను గదిలో ఎక్కడుందో, ఎటు చూస్తోందో అనుక్షణం లెక్కగట్టుకోవాలి. ఈ పని మీ జావాస్క్రిప్ట్ చేయదు. ఐఫోన్‌లో 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన ఏఆర్‌కిట్, ఆండ్రాయిడ్‌లో 2018 ఫిబ్రవరిలో 1.0 గా విడుదలైన ఏఆర్‌కోర్ ఆ పని చూసుకుంటాయి. రెండింటి పద్ధతీ దాదాపు ఒకటే. కెమెరా చిత్రంలో తేలిగ్గా గుర్తుపట్టగలిగే చుక్కల్ని, అంటే మూలలు, మచ్చలు, గీతలు కలిసే చోట్లను ఎంచుకుని, ఫోన్ కదిలినప్పుడు అవి ఎటు జరిగాయో చూస్తాయి. యాక్సిలెరోమీటర్, గైరోస్కోప్ చెప్పే కదలికను దానికి జోడిస్తాయి. సెన్సర్లు ఒక్కటే చాలవు. త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేస్తేగాని దూరం రాదు కాబట్టి, చిన్న పొరపాటు కూడా కొన్ని సెకన్లలోనే పెద్దదవుతుంది. కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచినట్టుంటుంది. కెమెరా ఒక్కటే అయినా చాలదు. కనిపిస్తున్నది దగ్గరున్న చిన్న వస్తువో, దూరంగా ఉన్న పెద్ద వస్తువో ఒక్క లెన్సుతో తేల్చలేం. మీటరు ఎంతుంటుందో తెలిసేది సెన్సర్ల వల్లే.

ఈ పద్ధతి తెలిస్తే, వాడేవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అర్థమవుతుంది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నింటికి గైరోస్కోప్ ఉండదు. అలాంటి ఫోన్‌లో ఏఆర్‌కోర్ పనిచేయదు, మీరు ఏ కోడ్ రాసినా ప్రయోజనం లేదు. గూగుల్ ఒక్కో ఫోన్ మోడల్‌నూ విడిగా పరీక్షించి జాబితాలో చేరుస్తుంది. ఆ జాబితాలో లేని ఫోన్‌లో "గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్" ఇన్‌స్టాల్ కూడా కాదు.

రెండో ఇబ్బంది నేల. మన కొత్త ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో తెల్లటి మెరిసే విట్రిఫైడ్ టైల్స్ ఎక్కువ. వాటి మీద గుర్తుపట్టడానికి చుక్కలుండవు. పైగా ట్యూబ్‌లైటు, కిటికీ వాటిలో ప్రతిబింబిస్తాయి. ఫోన్ కదిలితే ప్రతిబింబం కూడా కదులుతుంది, లెక్క తప్పుతుంది. అదే గదిలో మచ్చలున్న గ్రానైట్ నేల ఉంటే రెండు సెకన్లలో దొరికేస్తుంది. అందుకే నేల కోసం వెతికే తెర మీద "ఫోన్‌ను నెమ్మదిగా అటూ ఇటూ కదపండి" అని రాసి ఊరుకోకుండా, "నేల దొరక్కపోతే చాప గానీ దుప్పటి గానీ న్యూస్‌పేపర్ గానీ పరవండి, లైటు వేయండి" అని కూడా రాయాలి. మీ కోడ్‌లో ఏ మార్పూ లేకుండానే ఫిర్యాదులు తగ్గించే వాక్యం ఇది.

ఇంకొకటి. ఫోన్‌ను ఒకేచోట నిలబడి తిప్పితే సరిపోదు, ఒక అడుగు పక్కకు జరగాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి చూసినప్పుడే ఆ చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది.

ముందు తేలిక దారి: ఒక్క ట్యాగ్

గూగుల్ తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన మోడల్-వ్యూయర్ అనే వెబ్ కాంపోనెంట్ ఉంది. ఇమేజ్ ట్యాగ్ రాసినంత తేలిగ్గా పేజీలో త్రీడీ బొమ్మ పెట్టేయొచ్చు. స్క్రిప్ట్‌ను మాడ్యూల్‌గా కలిపి, మోడల్-వ్యూయర్ ట్యాగ్‌లో ఎస్‌ఆర్‌సీకి జీఎల్‌బీ అనే త్రీడీ మోడల్ ఫైలు చూపించి, ఏఆర్, కెమెరా-కంట్రోల్స్ అనే రెండు యాట్రిబ్యూట్‌లు రాస్తే వేలితో తిప్పి చూసే బీరువా పేజీలో కనిపిస్తుంది. ఏఆర్ పనిచేసే ఫోన్ అయితే ఒక బటన్ కూడా వస్తుంది.

ఆ బటన్ నొక్కాక ఏం జరగాలో ఏఆర్-మోడ్స్ నిర్ణయిస్తుంది. మూడు విధాలున్నాయి. వెబ్‌ఎక్స్‌ఆర్ అయితే బ్రౌజర్ లోపలే ఏఆర్ తెరుచుకుంటుంది. సీన్ వ్యూయర్ అయితే ఆండ్రాయిడ్‌లోని గూగుల్ సొంత వ్యూయర్ తెరుచుకుంటుంది. క్విక్ లుక్ అయితే ఐఫోన్‌లో 2018లో ఐఓఎస్ 12తో వచ్చిన ఆపిల్ వ్యూయర్ తెరుచుకుంటుంది. రాసిన వరుసలో మొదట పనిచేసేదాన్ని కాంపోనెంట్ ఎంచుకుంటుంది.

బీరువా లాంటి వస్తువుకు తప్పక రాయాల్సిన యాట్రిబ్యూట్ ఏఆర్-స్కేల్. దానికి ఫిక్స్‌డ్ అని విలువ ఇవ్వకపోతే, కొనేవాళ్లు రెండు వేళ్లతో బీరువాను కుదించి "పడుతుంది" అనుకుంటారు. తీరా ఇంటికొచ్చాక పట్టదు. గోడ గడియారం, అద్దం లాంటివి అమ్మితే ఏఆర్-ప్లేస్‌మెంట్‌కు వాల్ అని ఇవ్వాలి. బటన్ మీద తెలుగు రాయాలంటే ఏఆర్-బటన్ అనే స్లాట్‌లో మీ సొంత బటన్ పెట్టొచ్చు.

ఈ దారిలో తగిలే చిక్కులు వెబ్ డెవలపర్లకు పాత చుట్టాలే. సీన్ వ్యూయర్ మీ పేజీ నుంచి ఫైలు తీసుకోదు. యూఆర్‌ఎల్ మాత్రం తీసుకుని, ఫైలును తానే దించుకుంటుంది. అందువల్ల లాగిన్ కుకీ ఉంటేనే తెరుచుకునే ఫైలు, బ్లాబ్ యూఆర్‌ఎల్, మీ కంప్యూటర్ లోకల్‌హోస్ట్‌లో ఉన్న ఫైలు దానికి అందవు. పేజీలో బొమ్మ చక్కగా కనిపిస్తూ, ఏఆర్ నొక్కగానే "తెరవడం కుదరలేదు" అని వస్తే ముందు చూడాల్సింది ఇదే. మోడల్ ఫైళ్లు వేరే డొమైన్‌లో ఉంటే సర్వర్ కార్స్ హెడర్, అంటే వేరే డొమైన్ పేజీకి ఫైలు ఇవ్వొచ్చని చెప్పే హెడర్, పంపాలి. సర్వర్‌లో ఫైలు రకాలు కూడా సరిగా పెట్టాలి: జీఎల్‌బీకి "మోడల్/జీఎల్‌టీఎఫ్-బైనరీ", ఐఫోన్ వాడే త్రీడీ ఫైలు యూఎస్‌డీజెడ్‌కు "మోడల్/వీఎన్‌డీ.యూఎస్‌డీజెడ్+జిప్".

ఐఫోన్ క్విక్ లుక్ జీఎల్‌బీని చదవదు, యూఎస్‌డీజెడ్ అడుగుతుంది. మీరు ఐఓఎస్-ఎస్‌ఆర్‌సీలో ఫైలు ఇవ్వకపోతే మోడల్-వ్యూయర్ అప్పటికప్పుడు ఫోన్‌లోనే జీఎల్‌బీ నుంచి దాన్ని తయారుచేస్తుంది. చిన్న మోడల్‌కు ఇది చాలు. పెద్దదైతే బటన్ నొక్కాక ఫోన్ కాసేపు బిగుసుకుపోతుంది. బీరువా తలుపు తెరుచుకునే యానిమేషన్ లాంటిది ఉంటే ఇలా తయారైన ఫైల్లోకి రాదు. అలాంటప్పుడు యూఎస్‌డీజెడ్‌ను త్రీడీ మోడళ్లు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిగా ఎగుమతి చేసి ఇవ్వాలి.

అమ్మకపు పేజీల్లో అధిక భాగానికి ఈ ఒక్క ట్యాగ్ సరిపోతుంది. దీన్ని దాటి వెళ్లేముందు, దీనితో కుదరనిది ఏమిటో కాగితం మీద రాసుకోవడం మంచిది. మంచం, బీరువా రెండూ ఒకే గదిలో పెట్టి చూడాలి, రంగులు అక్కడికక్కడే మార్చాలి, రెండు గోడల మధ్య కొలత తీయాలి అని ఏమైనా ఉంటేనే వెబ్‌ఎక్స్‌ఆర్‌లోకి దిగాలి.

అసలు పని మోడల్ ఫైల్లో ఉంది

ఏఆర్ పేజీ బాగాలేదంటే ఎక్కువసార్లు తప్పు కోడ్‌లో కాదు, త్రీడీ ఫైల్లో ఉంటుంది. జీఎల్‌టీఎఫ్ అనేది క్రోనోస్ సంస్థ ప్రమాణం, దాని 2.0 వెర్షన్ 2017లో వచ్చింది. జీఎల్‌బీ అంటే అదే సమాచారాన్ని ఒక్క బైనరీ ఫైల్లో కుక్కడం. ఈ ప్రమాణంలో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. వై అక్షం పైకి, వస్తువు ముఖం ప్లస్ జెడ్ వైపు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఏఆర్‌లో తేడా కనిపిస్తుంది.

మన బీరువా 1.98 మీటర్ల ఎత్తు, 0.91 మీటర్ల వెడల్పు, 0.48 మీటర్ల లోతు ఉండాలి. మోడల్ చేసినవాళ్లు సెంటీమీటర్లలో గీసి అలాగే ఇచ్చేస్తే అది 198 మీటర్ల బీరువా అవుతుంది. అప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. మీరు దాని కడుపులో ఉంటారు, లోపలి వైపు ముఖాలను రెండరర్ గీయదు. "మోడల్ లోడ్ అవుతోంది, ఎర్రర్ లేదు, కానీ కనిపించడం లేదు" అనే సమస్యకు మొదటి అనుమానితుడు ఈ స్కేలే. పేజీలో మాత్రం మోడల్-వ్యూయర్ కెమెరాను వస్తువు సైజుకు తగ్గట్టు వెనక్కి జరుపుతుంది కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టే ఉంటుంది. బ్లెండర్‌లో ఎగుమతికి ముందు వస్తువును ఎంచుకుని కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయాలి. తర్వాత డైమెన్షన్స్ పెట్టెలో మీటర్లు చూసి, టేపుతో తీసిన కొలతతో పోల్చాలి.

మూలబిందువు బీరువా అడుగున, మధ్యలో ఉండాలి. అది వస్తువు నడుము దగ్గర ఉంటే బీరువా సగం నేలలోకి దిగిపోతుంది. కాళ్ల కింద కొద్దిగా ఖాళీ మిగిలితే గాల్లో తేలుతుంది.

టెక్స్చర్ల దగ్గర, అంటే మోడల్ ఉపరితలానికి అతికే బొమ్మల దగ్గర, వెబ్ అలవాటు మోసం చేస్తుంది. 300 కిలోబైట్ల జేపెగ్ చూసి తేలిగ్గా ఉందనుకుంటాం. గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లేటప్పుడు జేపెగ్ పూర్తిగా విప్పుకుంటుంది. 2048 x 2048 పిక్సెళ్ల బొమ్మ పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 16 మెగాబైట్లు, మిప్‌మ్యాప్‌లతో, అంటే దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్లతో, కలిపి దాదాపు 21. రంగుకొకటి, గరుకుదనం-లోహత్వానికి ఒకటి, ఉపరితలపు ఎత్తుపల్లాలు చూపే నార్మల్ మ్యాప్ ఒకటి అని మూడు పెడితే 64 మెగాబైట్లు. బొమ్మ 4096 x 4096 అయితే ఒక్కో బొమ్మకే 85 దాకా పోతుంది. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో కెమెరా, ట్రాకింగ్, బ్రౌజర్ కలిసి నడుస్తుండగా ఇది పడిందంటే ట్యాబ్ మూసుకుపోతుంది, కారణం కూడా చెప్పదు. ఒకే రంగు పెయింటు వేసిన స్టీలు బీరువాకు 1024 చాలు, అందులో రంగుకు అసలు బొమ్మే అక్కర్లేదు, మెటీరియల్‌లో రంగు విలువ రాస్తే సరి. హ్యాండిల్, తాళం బుర్ర దగ్గర మాత్రం వివరం కావాలి.

డ్రాకో కంప్రెషన్ ఆకారపు సమాచారాన్ని చిన్నది చేస్తుంది. అది డౌన్‌లోడ్‌కే ఉపయోగం, మెమరీలో తేడా ఉండదు. కేటీఎక్స్2 టెక్స్చర్లు మెమరీలో కూడా కుదించిన రూపంలోనే ఉంటాయి, కాబట్టి లాభం రెండు విధాలా. కానీ మోడల్ మీ పేజీలోనే కాక సీన్ వ్యూయర్‌లో, క్విక్ లుక్‌లో కూడా తెరుచుకోవాలి. ఏ కంప్రెషన్ వాడినా మూడు చోట్లా తెరిచి చూశాకే ఖాయం చేయాలి. ముందుజాగ్రత్తగా సాదా జేపెగ్, 1024 సైజు, 50 వేల త్రిభుజాల లోపు, మొత్తం 3 నుంచి 5 మెగాబైట్లు అని హద్దు పెట్టుకుంటే మొబైల్ డేటా మీద కూడా నడుస్తుంది. జీఎల్‌టీఎఫ్-ట్రాన్స్‌ఫామ్ అనే కమాండ్ లైన్ పనిముట్టు నోడ్‌తో నడుస్తుంది. టెక్స్చర్లను కుదించడం, వాడని భాగాలు తీసేయడం, ఫైల్లో ఏది ఎంత చోటు తింటోందో చూపించడం దానితో అయిపోతాయి. మీ బిల్డ్ స్క్రిప్ట్‌లో ఇమేజ్ ఆప్టిమైజేషన్ ఉన్నచోటే దీన్నీ పెట్టేయండి.

వెబ్‌ఎక్స్‌ఆర్‌లోకి దిగితే

వెబ్‌ఎక్స్‌ఆర్ డివైస్ ఏపీఐ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ రూపొందిస్తున్న ప్రమాణం. క్రోమ్ 2019 డిసెంబరులో 79వ వెర్షన్‌తో వీఆర్ భాగాన్ని, 2020లో 81వ వెర్షన్‌తో ఏఆర్ భాగాన్ని తెచ్చింది. ఆండ్రాయిడ్‌లో దీని కింద నడిచేది ఏఆర్‌కోరే. దీన్ని నేరుగా రాయొచ్చు గానీ, త్రీ.జెఎస్, బాబిలోన్.జెఎస్ అనే త్రీడీ లైబ్రరీలు, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌ల రూపంలో సీన్ రాసుకునే ఏ-ఫ్రేమ్ ఏదైనా మధ్యలో ఉంటే పని తగ్గుతుంది. ఇక్కడ త్రీ.జెఎస్ అనుకుందాం.

మొదటి మెట్టు, ఈ ఫోన్‌లో ఏఆర్ ఉందా అని నావిగేటర్ కింద ఉన్న ఎక్స్‌ఆర్ ఆబ్జెక్ట్‌ను అడగడం. ఈజ్-సెషన్-సపోర్టెడ్‌కు "ఇమర్సివ్-ఏఆర్" అని పంపితే అవును, కాదు అని చెబుతుంది. కాదంటే బటన్ చూపించకూడదు.

తర్వాత రిక్వెస్ట్-సెషన్. ఇది యూజర్ వేలు తగిలిన క్షణంలోనే జరగాలి. బటన్ నొక్కాక ముందు మోడల్ డౌన్‌లోడ్ చేసి, అది పూర్తయ్యాక సెషన్ అడిగితే నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఆ అనుమతి గడువు దాటిపోయి సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది. ఆఫీసు వైఫైలో ఎప్పుడూ రాదు, వాడేవాళ్ల దగ్గరే వస్తుంది. మోడల్ ముందే దించుకుని సిద్ధంగా ఉంచి, ఆ తర్వాతే బటన్‌ను చురుకు చేయాలి.

సెషన్ అడిగేటప్పుడు ఏ ఫీచర్లు కావాలో రాయాలి. నేల ఎక్కడుందో చెప్పే హిట్-టెస్ట్ తప్పనిసరి జాబితాలో, ఏఆర్ మీద హెచ్‌టీఎంఎల్ చూపించే డామ్-ఓవర్లే, వస్తువును ఒకచోట నిలిపే యాంకర్స్, గది వెలుతురు అంచనా వేసే లైట్-ఎస్టిమేషన్ ఐచ్ఛిక జాబితాలో ఉండాలి. అన్నీ తప్పనిసరి అని రాస్తే, ఒక్కటి లేని ఫోన్‌లో కూడా సెషన్ మొత్తం తెరుచుకోదు.

సెషన్ మొదలయ్యాక మామూలు విండో రిక్వెస్ట్-యానిమేషన్-ఫ్రేమ్ పనికిరాదు. ఫ్రేములు సెషన్ నుంచి రావాలి, అప్పుడే ఆ ఫ్రేముకు సరిపడే ఫోన్ స్థానం దొరుకుతుంది. త్రీ.జెఎస్‌లో రెండరర్ సెట్-యానిమేషన్-లూప్ వాడితే ఈ మార్పు అదే చూసుకుంటుంది. పాత త్రీ.జెఎస్ ప్రాజెక్టును ఏఆర్‌కు మార్చినప్పుడు తెర నల్లగానో, కదలకుండానో ఉండిపోయిందంటే ఇదే కారణం.

రెఫరెన్స్ స్పేస్ అంటే సున్నా ఎక్కడుందో చెప్పడం. "లోకల్" అంటే సెషన్ మొదలైనప్పుడు ఫోన్ ఉన్నచోటు. నేల కాదు. వస్తువును 0, 0, 0 దగ్గర పెడితే బీరువా అడుగుభాగం మీ ఛాతీ ఎత్తులో తేలుతుంది. నేల ఎక్కడుందో హిట్-టెస్ట్ చెబుతుంది. తెర మధ్య నుంచి ఒక ఊహాగీత గదిలోకి వెళ్లి, గుర్తించిన తలాన్ని ఎక్కడ తాకిందో ప్రతి ఫ్రేములో ఫలితం వస్తుంది. దీనికి వ్యూయర్ స్పేస్‌తో, అంటే ఫోన్ చూపును సున్నాగా తీసుకునే స్పేస్‌తో, ఒక హిట్-టెస్ట్ సోర్స్ తయారుచేసుకుని, ఫ్రేమ్ నుంచి ఫలితాలు తీసుకుని, మొదటి ఫలితానికి లోకల్ స్పేస్‌లో పోజ్, అంటే స్థానం, దిశ, అడగాలి. ఆ చోట వలయం లాంటి గుర్తు చూపిస్తే, యూజర్ తాకినప్పుడు బీరువాను అక్కడ పెట్టొచ్చు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. గోడను, మంచాన్ని, టేబుల్‌ను కూడా తలాలుగానే గుర్తిస్తుంది. వచ్చిన 16 సంఖ్యల మాట్రిక్స్‌లో సూచిక 5 దగ్గరున్న విలువ 1 కి దగ్గరగా ఉంటే అడ్డ తలం, 0 కి దగ్గరగా ఉంటే నిలువు తలం. బీరువాకు మొదటిదే ఒప్పుకోవాలి. రెండోది, ఫలితంలోని తిప్పుడు కోణాన్ని అలాగే తీసుకుంటే బీరువా ఏ దిక్కుకో తిరిగి నిలబడుతుంది. స్థానం మాత్రం తీసుకుని, కెమెరా స్థానం నుంచి వస్తువు స్థానం తీసేసి, ఎక్స్, జెడ్ తేడాల ఏటాన్2తో వై చుట్టూ కోణం కడితే ముఖం మనవైపు ఉంటుంది. మూడోది, ట్రాకింగ్ పోయినప్పుడు పోజ్ నల్ వస్తుంది. చేయి కెమెరాకు అడ్డం వచ్చినా, లైటు ఆరినా ఇది జరుగుతుంది. నల్ చూసుకోని కోడ్ ఆ ఫ్రేములో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

పెట్టిన వస్తువు కాసేపటికి పక్కకు జారుతుందంటే యాంకర్ లేదన్నమాట. ఫోన్ గదిని ఇంకా బాగా అర్థం చేసుకుంటున్నకొద్దీ తన పాత లెక్కల్ని సవరించుకుంటుంది. మీరు రాసిపెట్టుకున్న అంకెలు మాత్రం పాతవే. హిట్ ఫలితం నుంచి యాంకర్ తయారుచేసి, ప్రతి ఫ్రేములో దాని పోజ్ అడిగి వస్తువుకు ఇస్తే ఆ సవరణలు వస్తువుకూ అందుతాయి.

నీడ తప్పనిసరిగా ఉండాలి. నీడ లేని వస్తువు సరైన చోట ఉన్నా గాల్లో ఉన్నట్టే అనిపిస్తుంది, దాంతో కొలత కూడా తప్పుగా తోస్తుంది. త్రీ.జెఎస్‌లో షాడో-మెటీరియల్ ఇచ్చిన పలచటి తలాన్ని బీరువా కింద పరిచి, నీడ గాఢత 0.3 ప్రాంతంలో ఉంచితే చాలు. స్టీలు, క్రోమియం హ్యాండిళ్లకు ఎన్విరాన్‌మెంట్ మ్యాప్ లేకపోతే నల్లగా బొగ్గులా కనిపిస్తాయి. లోహం చుట్టూ ఉన్నవాటిని ప్రతిబింబించడం ద్వారానే కనిపిస్తుంది కాబట్టి, ప్రతిబింబించడానికి ఏదో ఒకటి ఇవ్వాలి.

బటన్లు, ధర, రంగుల వరుస లాంటివి డామ్-ఓవర్లేతో మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లోనే పెట్టొచ్చు. వెబ్ నైపుణ్యం బాగా అక్కరకొచ్చే చోటిది. అయితే మీరు రూట్‌గా చూపించిన ఎలిమెంట్ లోపలున్నవే కనిపిస్తాయి. రియాక్ట్‌లో పాపప్ పెట్టెలు, డ్రాప్‌డౌన్‌లు పోర్టల్ ద్వారా బాడీకి అతుక్కుంటాయి కదా, అవి ఏఆర్‌లో మాయమైపోతాయి. లోపలి డివ్‌లలో దేనికైనా తెర నిండా రంగు ఉంటే కెమెరా దృశ్యం దాని వెనక దాక్కుంటుంది. ఇంకా, బటన్ నొక్కిన తాకిడి వెనకున్న సీన్‌కు కూడా చేరి, రంగు మార్చబోతే ఇంకో బీరువా పడుతుంది. ఓవర్లే ఎలిమెంట్ మీద బిఫోర్-ఎక్స్‌ఆర్-సెలెక్ట్ ఈవెంట్‌ను పట్టుకుని ప్రివెంట్-డిఫాల్ట్ చేస్తే ఇది ఆగుతుంది.

కెమెరా-యాక్సెస్ అనే ఫీచర్‌ను మీరు విడిగా అడగనంతవరకు పేజీకి కెమెరా దృశ్యం రాదని కూడా గమనించాలి. బ్రౌజర్ మీకు ఫోన్ స్థానం, తలాలు చెబుతుంది, వెనక దృశ్యాన్ని తానే కలుపుతుంది. ఇంటి లోపలి ఫొటోలు మీ సర్వర్‌కు పోతాయేమోనని అడిగే కొనుగోలుదారుకు ఈ మాట నిజాయితీగా చెప్పొచ్చు.

పరీక్షించడం

ఎక్స్‌ఆర్ సురక్షిత పేజీల్లోనే ఉంటుంది. లోకల్‌హోస్ట్‌ను బ్రౌజర్ సురక్షితంగానే లెక్కేస్తుంది, కానీ ఫోన్‌లో 192.168 తో మొదలయ్యే మీ కంప్యూటర్ చిరునామాను హెచ్‌టీటీపీతో తెరిస్తే ఎక్స్‌ఆర్ ఆబ్జెక్టే ఉండదు. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ వేసి, కేబుల్ పెట్టి, కంప్యూటర్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టుకోండి. అప్పుడు ఫోన్‌లో లోకల్‌హోస్ట్:8080 అని కొడితే మీ కంప్యూటర్ సర్వర్ తెరుచుకుంటుంది. కన్సోల్ కూడా కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. ఏఆర్ తెర మీద కన్సోల్ చూసే వీలులేదు కాబట్టి ఇది లేకుండా పని సాగదు. పేజీ ఐఫ్రేమ్‌లో ఉంటే అలౌ యాట్రిబ్యూట్‌లో ఎక్స్‌ఆర్-స్పేషియల్-ట్రాకింగ్ రాయాలి.

ఏఆర్ ఫ్రేములు సాధారణంగా కెమెరా వేగంతోనే, సెకనుకు 30 చొప్పున వస్తాయి. ఒక్కో ఫ్రేముకు మీకు 33 మిల్లీసెకన్లు. మొదటి నిమిషం సాఫీగా నడిచి, ఐదో నిమిషానికి ఫోన్ వేడెక్కి తడబడటం మామూలే. అందుకని పది నిమిషాలు ఆపకుండా నడిపి చూడాలి, ఖరీదైన ఫోన్‌లో కాకుండా మీ కొనుగోలుదారుల చేతిలో ఉండే రకం ఫోన్‌లో. ప్రతి ఫ్రేములో కొత్త వెక్టర్లు, మాట్రిక్స్‌లు సృష్టించకుండా ఒకసారి చేసినవే మళ్లీ వాడితే గార్బేజ్ కలెక్షన్ కుదుపులు తగ్గుతాయి.

ఐఫోన్, కార్డు మీది బొమ్మ

ఐఫోన్ సఫారీలో వెబ్‌ఎక్స్‌ఆర్ ఏఆర్ సెషన్ లేదు. ఐఫోన్‌లోని క్రోమ్ కూడా సఫారీ ఇంజన్ అయిన వెబ్‌కిట్ మీదే నడుస్తుంది కాబట్టి అక్కడా లేదు. ఒక వస్తువు పెట్టి చూపడానికి క్విక్ లుక్ చాలు, అంతకుమించి కావాలంటే నేటివ్ యాప్ చేయాలి.

నేల మీద కాకుండా ఒక ముద్రిత బొమ్మ మీద త్రీడీ చూపించాలంటే కథ వేరు. మైండ్‌ఏఆర్, ఏఆర్.జెఎస్ లాంటి లైబ్రరీలు మామూలు కెమెరా అనుమతి తీసుకుని, చిత్రాన్ని జావాస్క్రిప్ట్‌లోనే పరిశీలిస్తాయి. అందువల్ల ఐఫోన్‌లోనూ, ఏఆర్‌కోర్ లేని ఫోన్‌లోనూ పనిచేస్తాయి. ఇక్కడ మాత్రం కెమెరా చిత్రం పేజీ చేతికి వస్తుంది, ఆ బాధ్యత మీది. పెళ్లి శుభలేఖ మీద వీడియో చూపించే పనులు ఈ కోవలోవే. శుభలేఖల్లో చిక్కేమిటంటే బంగారు రేకు అచ్చు వెలుతురుకు మెరిసి చుక్కలు మారిపోతాయి, అంచు చుట్టూ ఒకేలా తిరిగే డిజైన్‌లో ఏ మూల ఏదో లైబ్రరీ తేల్చుకోలేదు. మ్యాట్ కాగితం, మధ్యలో ఒకదానిలా ఒకటి లేని వివరాలున్న బొమ్మ అయితే వెంటనే పట్టుకుంటుంది.

ప్లే స్టోర్‌లో యాప్‌గా పెట్టాలంటే

చాలామంది పొరబడేది ఇక్కడే. వెబ్‌సైట్‌ను కపాసిటర్ లాంటి వెబ్‌వ్యూ (యాప్ లోపల వెబ్‌పేజీ చూపించే భాగం) చట్రంలో చుట్టి యాప్ చేస్తే వెబ్‌ఎక్స్‌ఆర్ ఏఆర్ పనిచేయదు. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో వెబ్‌ఎక్స్‌ఆర్ లేదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాప్‌ల లోపల లింకు తెరిచినప్పుడు ఏఆర్ కనిపించకపోవడానికీ కారణం అదే. అలాంటిచోట "క్రోమ్‌లో తెరవండి" అని చూపించాలి.

దీనికి సరైన దారి ట్రస్టెడ్ వెబ్ యాక్టివిటీ. ఇది వెబ్‌వ్యూ కాదు, చిరునామా పట్టీ లేకుండా అసలు క్రోమే తెరుచుకుంటుంది, కాబట్టి వెబ్‌ఎక్స్‌ఆర్ పనిచేస్తుంది. బబుల్‌ర్యాప్ అనే కమాండ్ లైన్ పనిముట్టుకు మీ సైటు వెబ్ మానిఫెస్ట్ చూపిస్తే ప్లే స్టోర్‌కు ఎక్కించే ఏఏబీ ఫైలు చేసిస్తుంది. సైటు, యాప్ ఒకరివేనని నిరూపించడానికి డాట్ వెల్-నోన్ ఫోల్డర్‌లో అసెట్‌లింక్స్ జేసన్ ఫైలు పెట్టి, అందులో యాప్ సంతకపు ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర రాయాలి. మీ కంప్యూటర్‌లోని అప్‌లోడ్ కీ వేలిముద్ర రాస్తే పరీక్షలో బాగుండి, స్టోర్ నుంచి దించాక పైన చిరునామా పట్టీ ప్రత్యక్షమవుతుంది. యాప్‌కు చివరి సంతకం ప్లే స్టోరే చేస్తుంది, కాబట్టి ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో చూపించే వేలిముద్ర రాయాలి. డెవలపర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు.

ఐఫోన్‌లో కూడా పూర్తిస్థాయి ఏఆర్ కావాలంటే రియాక్ట్ నేటివ్ మీద వైరో రియాక్ట్ ఉంది. సీన్‌ను జేఎస్‌ఎక్స్ ట్యాగ్‌లుగా రాస్తే అడుగున ఏఆర్‌కిట్, ఏఆర్‌కోర్ నడుస్తాయి. రియాక్ట్ వచ్చినవాళ్లకు రాత కొత్తగా ఉండదు, బిల్డ్ మాత్రం కొత్తే. నేటివ్ కోడ్ ఉంది కాబట్టి ఎక్స్‌పో గో అనే రెడీమేడ్ పరీక్ష యాప్‌లో నడవదు, డెవలప్‌మెంట్ బిల్డ్ చేసుకోవాలి. ఐఫోన్ సిమ్యులేటర్‌లో ఏఆర్ ఉండదు, అసలు ఫోన్ కావాలి. ఐఓఎస్ ఇన్ఫో పీలిస్ట్‌లో కెమెరా ఎందుకో రాయకపోతే కెమెరా తెరవగానే యాప్ మూసుకుపోతుంది. ఆపిల్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు. ఆండ్రాయిడ్ మానిఫెస్ట్‌లో ఏఆర్‌కోర్‌ను "రిక్వైర్డ్" అని రాస్తే ఏఆర్ లేని ఫోన్లకు ప్లే స్టోర్‌లో యాప్ అసలు కనిపించదు. దుకాణం యాప్‌కు "ఆప్షనల్" అని రాయడమే సరైనది, ఎందుకంటే ఏఆర్ లేని ఫోన్ ఉన్న మనిషి కూడా బీరువా కొంటాడు.

ఆ మనిషికి ఏం చూపించాలో కూడా మొదటి రోజే నిర్ణయించుకోవాలి. మోడల్-వ్యూయర్‌లో హాట్‌స్పాట్‌లు పెట్టి ఎత్తు, వెడల్పు, లోతు గీతలు అడుగులు, అంగుళాల్లో గీయొచ్చు. పక్కన ఐదున్నర అడుగుల మనిషి ఆకారం నిలబెట్టొచ్చు. తలుపు తెరిచినప్పుడు ముందుకు ఎంత వస్తుందో నేల మీద ఒక వంపు గీతగా చూపించొచ్చు. ఇవి ఏఆర్ ఉన్నవాళ్లకూ కావాల్సినవే. ట్రాకింగ్‌లో అంగుళాల తేడా వచ్చే వీలుంది కాబట్టి, ఖాళీ బొటాబొటిగా ఉన్నచోట టేపు పెట్టి కొలవమని ఏఆర్ తెర మీదే, కొలతల పక్కనే రాయండి.